పొయ్యి వెలగని ఇంట్లో పురుడు

మా కొట్లో అమ్ముడుపోని సరుకంటూ ఏదైనా ఉందంటే అది ఆ గ్రిల్ పానే. జగ్గయ్యపేట మెయిన్ బజార్లో మాది మిక్సీలు, కుక్కర్లు, ఎండాకాలమైతే కూలర్లు అమ్మే కొట్టు. కంపెనీ సేల్స్‌మన్ ఒకడు తియ్యటి కబుర్లు చెప్పి, మైక్రోవేవ్‌లో పెట్టుకునే గ్రిల్ పాన్లు మూడు నాకు అంటగట్టి పోయాడు. చూడ్డానికి మూతున్న చిన్న పెనంలా నల్లగా, బరువుగా ఉంటుంది. అడుగున ఏదో పూత ఉంటుంది. మైక్రోవేవ్‌లో పెట్టగానే ఆ పూత వేడెక్కి, పెనం కాలి, అందులో వేసింది ఎర్రగా వేగుతుంది. మంట లేదు, పొగ లేదు, చెంచాడు నూనె చాలు. ఇదంతా నేను గుక్క తిప్పుకోకుండా చెప్పేవాణ్ణి. విన్నవాళ్లందరిదీ ఒకటే మాట.

"ఇనప పెనం మైక్రోవేవ్‌లో పెడితే పేలిపోద్దంటగా!"

"ఇది అందుకోసమే చేసిందండీ" అని నేను మొత్తుకున్నా వినేవాడు లేడు. వత్సవాయి నుంచి వచ్చిన ఒకాయనైతే మరీను. "పెనాన్ని పొయ్యి మీద పెట్టక పెట్టెలో పెట్టుకోడమేంటయ్యా, చోద్యం కాకపోతే" అని నవ్వి, ఫ్యాను కొనుక్కుని వెళ్లాడు. ఆ పాన్లే ఒకనాటికి మా ఇంటి పరువు నిలబెడతాయని అప్పుడెవరైనా చెప్పుంటే నేనూ అలాగే నవ్వేవాణ్ణి.

మా ఇంట్లో అప్పటికి పొయ్యి వెలగడం మానేసి చాన్నాళ్లయింది. అంతకు ముందు కార్తీకంలో గ్యాసు లీకై, అమ్మ లైటర్ నొక్కగానే భగ్గుమంది. కొంగు అంటుకుంది. నాన్న దుప్పటి కప్పబట్టి మనిషి దక్కింది గానీ, కుడి చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా కాలింది. పుండు మానింది. భయం మానలేదు. లైటర్ టిక్కుమన్న చప్పుడు వింటే చాలు, అమ్మ చేతులు గడగడా వణికేవి. నాన్న పొయ్యిని, గ్యాసు బండని ఎవరికో ఇచ్చేశాడు. దేవుడి దగ్గర దీపం కూడా ఆయనే పెట్టేవాడు. అది కొండెక్కేదాకా అమ్మ వీధి అరుగు మీద కూర్చునేది.

అన్నం కరెంటు కుక్కర్లో, పాలు, కాఫీ కెటిల్లో, కూరలేమో రత్తయ్య కర్రీ పాయింట్ నుంచి. మా అమ్మ పుష్పవతి వంటంటే పేటలో కోమట్లిళ్లల్లో పేరు. అలాంటి మనిషి, కట్టుకున్నవాడు రత్తయ్య కొట్టు పప్పు తింటుంటే తలెత్తకుండా వడ్డించేది. మా నాన్న రాధాకృష్ణమూర్తి కూడా ఒక్కనాడు ఇదేంటి అనలేదు. "బానే ఉంది, బానే ఉంది" అంటూ మజ్జిగ పోసుకుని లేచేవాడు. ఎండలు మొదలైనా అమ్మ మణికట్టు దాకా చేతులున్న జాకెట్లే వేసుకునేది. అదేంటని మేమూ అడగలేదు.

ఇలా రోజులు నెట్టుకొస్తుండగా చైత్రంలో నందిగామ నుంచి ఫోనొచ్చింది.

మా చెల్లెలు దీప్తిని ఇచ్చింది నందిగామే. తొలి చూలు. శ్రీమంతం అయిపోయింది, మంచిరోజు చూసి పుట్టింటికి తెచ్చుకోవాలి. జ్యేష్ఠంలో కాన్పు అన్నారు డాక్టర్లు. ఫోన్ చేసింది దీప్తి అత్తగారు సౌభాగ్యమ్మగారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు, కానీ మాట మీద గుడ్డ కప్పడం తెలీదు. అమ్మకి ఫోన్ స్పీకర్లో పెట్టి మాట్లాడడం అలవాటు కాబట్టి నేనూ, నాన్నా అంతా విన్నాం.

"వదినగారూ, మీ ఇంట్లో పొయ్యి వెలగట్లేదంటగా, నిజమేనా?"

అమ్మ ఫోన్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"నేను తప్పుగా అంటున్నా అనుకోకండి. పొయ్యి వెలగని ఇల్లంటే ఏ ఇల్లో మీకు తెలీందేముంది? మనిషి పోయిన ఇల్లే కదా! అలాంటి ఇంట్లో పురుడెట్లా పోస్తారు? పచ్చి బాలింతకి కర్రీ పాయింట్ కూరలు పెడతారా? పథ్యం ఎవరు చేస్తారు?"

"అదేం లేదు వదినగారూ..." అని నీళ్లు నమిలింది అమ్మ.

"సరే, వైశాఖంలో మంచిరోజు చూసి పిల్లని తీసుకుని నేనే వస్తా. మీ చేతి వంట తింటా. నా మనసు కుదుటపడితే వదిలేసి వెళ్తా. లేదంటే పురుడు నందిగామలోనే. ఏమీ అనుకోవద్దు."

అమ్మ ఫోన్ పెట్టేసింది. తర్వాత నా వైపు తిరిగి, "కన్నకూతురి తొలి కాన్పు కూడా చేసుకోలేని దాన్నయిపోయానురా" అంది.

"వంటమనిషిని పెడదాంలే" అన్నాడు నాన్న.

"వంటమనిషొచ్చి ఏం చేస్తుందండీ? పొయ్యే కదా వెలిగిస్తుంది!" అంది అమ్మ.

మర్నాడు కొట్లోంచి ఒక మైక్రోవేవు, ఒక గ్రిల్ పాను ఇంటికి మోసుకొచ్చాను. పొయ్యి ఉండాల్సిన గట్టు బోసిగా పడుంది, అక్కడే పెట్టాను. అమ్మని గుమ్మంలో నిలబెట్టి, కొట్లో చెప్పే కబుర్లన్నీ చెప్పాను. అమ్మకి కాల్చిన వంకాయ పచ్చడంటే ప్రాణం. అందుకని నిగనిగలాడే పెద్ద గుండు వంకాయ తెచ్చి, నూనె రాసి, మూత పట్టకపోతే మూత లేకుండానే పాన్‌లో కూర్చోబెట్టి, బటన్ నొక్కాను.

"చూడమ్మా, మంటా? పొగా? ఏమన్నా ఉందా?"

అమ్మ మెడ చాచి చూసింది. సరిగ్గా అప్పుడే లోపల ఫట్‌మని పేలింది. తలుపు ఊడొస్తుందేమో అన్నంత చప్పుడు! అద్దం నిండా వంకాయ గుజ్జు. నేను తేరుకుని వెనక్కి తిరిగేసరికి అమ్మ లేదు. వీధి అరుగు మీద మోకాళ్లు పట్టుకుని కూర్చునుంది.

"నీ బేరాలు కొట్లో చూపించుకోరా నాయనా, ఇంట్లో కాదు" అన్నాడు నాన్న. ఆయన కోప్పడడం నేను చూసింది తక్కువ. నోరు మూసుకుని ఆ గుజ్జంతా తుడిచి, రాత్రి కూరకి రత్తయ్య దగ్గరికి బయల్దేరాను. ఇక ఈ పెట్టె తిరిగి కొట్లోకే అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి నాన్న వంటింటి గుమ్మం బయట నిలబడి, మాట్లాడొద్దని వేలితో సైగ చేశాడు. తొంగి చూశాను. అమ్మ మైక్రోవేవుకి బారెడు దూరంలో, అప్పడాల కర్ర బల్లెంలా పట్టుకుని నిలబడి ఉంది.

"ఒరేయ్ కిషోరూ, వచ్చావా? నిన్న వంకాయకి గాటు పెట్టావా?"

"గాటెందుకమ్మా?"

"గాటెందుకంటాడు! పచ్చిమిరపకాయ గాటు పెట్టకుండా కాగే నూనెలో వేస్తే ఏమవుద్దిరా?"

"పేలుద్ది."

"మరి? లోపలి ఆవిరికి దారుండొద్దూ! రాత్రంతా ఇదే ఆలోచించా. పేలింది పెట్టె కాదు, నీ వంకాయ. ఇన్నేళ్లు వండి వార్చిన దాన్ని, వంకాయ పేలితే వీధిలోకి పరిగెత్తా. ఎవరన్నా వింటే నవ్వరూ!"

పాన్‌లో వంకాయలున్నాయి. ఈసారి చిన్నవి. ఒక్కోదానికి కత్తితో నిలువునా గాట్లు పెట్టి, మూత పెట్టింది. తలుపు వేసి ఉంది. అమ్మ అంత దూరం నుంచి అప్పడాల కర్ర చాపి, దాని కొసతో బటన్ నొక్కింది. ఒకసారి గురి తప్పి గోడకి తగిలింది. నాకు నవ్వాగలేదు. నాన్న నా డొక్కలో పొడిచాడు. రెండోసారి బటన్ పడింది, పెట్టె గుయ్యిమంది. అమ్మ కర్ర దించకుండా, కళ్లార్పకుండా చూస్తూ నిలబడింది. పేలలేదు. టింగ్‌మని ఆగింది. తలుపు మాత్రం నన్నే తియ్యమంది. మూతెత్తితే వంకాయలు నల్లగా కమిలి, మెత్తగా కూలబడి, ఇల్లంతా కాల్చిన వాసన.

ఆ మధ్యాహ్నం మేము రత్తయ్య కూర ముట్టలేదు. నాన్న పచ్చడన్నం మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు నమలడం ఆపేశాడు. తర్వాత మామూలుగానే, "పుష్పా, ఇంకాస్త వెయ్యి" అన్నాడు. అమ్మ వడ్డిస్తూ మొహం పక్కకి తిప్పుకుంది.

ఇక అక్కడి నుంచి మా అమ్మని పట్టేవాడు లేడు. నేను ఆ పాన్‌ని అమ్మడానికి తెచ్చిన వాణ్ణే గానీ, దాని నాడి పట్టుకుంది ఆవిడ. ముందు ఉత్త పాన్ వేడెక్కనిచ్చి తర్వాత ముక్కలు వెయ్యాలని, మూత బరువు ముక్కల మీద పడితే రెండు పక్కలా సమంగా ఎర్రబడతాయని, తడి ఉంటే వేగవు, ఉడుకుతాయని, దొండకాయ నిలువుగా, కాకరకాయ చక్రాలుగా తరగాలని, కంద ముక్కలకి ఒకసారి తిరగేస్తే చాలని, అన్నీ ఒక్కోటే కనిపెట్టింది. ఒకరోజు బెండకాయ మాడ్చింది. "ఫర్వాలేదు, ఇవాళ దాని కోపం చూశాం" అంది. కరివేపాకు గలగలలాడేలా వేయించి కారప్పొడి కొట్టింది. అప్పడాలు నూనె చుక్క లేకుండా కాల్చింది. అప్పడాల కర్ర పోయి గరిటె వచ్చింది, గరిటె పోయి చెంచా వచ్చింది. ఒకనాడు చూస్తే వేలితోనే నొక్కుతోంది. అది చూసినట్టు మేమెవరమూ బయటపడలేదు.

ఒక్క పోపు దగ్గర మాత్రం చిక్కు పడింది. కరెంటు కుక్కర్లో పప్పు ఉడుకుతుంది, కానీ పోపు లేని పప్పు పప్పా? దానికి నిప్పు కావాలనే అనుకున్నాం అందరం. అమ్మ ఒక ఆదివారం పాన్‌ని బాగా కాలనిచ్చి, మందపాటి గుడ్డతో పట్టుకుని బయటికి తీసి, మడత పెట్టిన తువ్వాలు మీద పెట్టింది. మంట లేని గట్టు మీదే చెంచా నూనె, ఆవాలు, మినప్పప్పు, ఎండుమిరపకాయ వేసింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత చిటపట మొదలైంది. వంటింట్లో పోపు చప్పుడు లేకపోతే ఇల్లు ఎంత మూగగా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. పేపరు చదువుతున్న నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఎండకి చెమట పట్టిందన్నాడు.

రత్తయ్య మా కొట్టుకి వచ్చి, "ఏం బాబూ, ఊరెళ్లారా, క్యారేజీ రావట్లే?" అని అడిగాడు. "మా అమ్మ వండుతోందయ్యా" అన్నాను. ఆ మాట అంత గట్టిగా ఎందుకన్నానో, రోడ్డవతలి బట్టల కొట్టువాళ్లు కూడా తిరిగి చూశారు.

వైశాఖంలో ఆ రోజు రానే వచ్చింది. ఎండ పొద్దున్నే చుర్రుమంటోంది. కారు దిగుతూనే దీప్తి అమ్మని కరుచుకుంది. సౌభాగ్యమ్మగారు మంచినీళ్లు తాగి, "వంటిల్లు చూద్దాం పదండి" అన్నారు. పురిటి గది కాదు, మంచం కాదు, ముందు వంటిల్లే! అప్పటికి అన్నం అయింది, పప్పు మెదిపి ఉంది, వంకాయ పచ్చడి గిన్నెలో ఉంది. బాలింత పథ్యంలో పెట్టే వెల్లుల్లి కారం కాకరకాయే చేసి చూపించాలని అమ్మ పట్టుదల. చక్రాలు మైక్రోవేవ్‌లో వేగుతున్నాయి. పప్పుకి పోపు ఇంకా పడలేదు.

సౌభాగ్యమ్మగారు పొయ్యి లేని గట్టు చూశారు, పెట్టె చూశారు. "ఇదేనా?" అన్నారు.

అమ్మ జవాబిచ్చేలోపు గుయ్యిమనే చప్పుడు ఆగిపోయింది. పైన ఫ్యాను నెమ్మదించి నిలబడింది. కరెంటు పోయింది.

ఎండాకాలం పేటలో కరెంటు పోవడం వింతా? కానీ సరిగ్గా ఆ క్షణానే పోవాలా! మా ఇన్వర్టర్ ఫ్యాన్లకే బొటాబొటి, అది కూడా ముందురోజే మొరాయించింది. ఊరందరికీ కూలర్లు అమ్మేవాడి ఇంట్లో! సౌభాగ్యమ్మగారు కొంగుతో విసురుకుంటున్నారు.

"గ్యాసు బండ ఇవాళే అయిపోయిందండీ అత్తయ్యగారూ, ఇంకోటి బుక్ చేసా. పొయ్యి కూడా రిపేరుకి..." అంటూ నోటికొచ్చింది అల్లేస్తున్నాను.

"అబద్ధం చెప్పకురా" అంది అమ్మ.

అందరం అటు తిరిగాం. అమ్మ కుడిచేతి జాకెట్టు మడతలు మడతలుగా పైకి లాక్కుంది, మోచేతి దాకా. మాకే ఎప్పుడూ సరిగ్గా చూపించని చెయ్యి. ముడతలు పడి, గులాబీ రంగు తేలి, మెరుస్తోంది.

"బండ అయిపోలేదు వదినగారూ. బండా లేదు, పొయ్యీ లేదు. నాకు మంటంటే భయం. లైటర్ చప్పుడికే ఒళ్లు చచ్చిపోద్ది. దేవుడికి దీపం కూడా మా ఆయనే పెడతారు. మీకు తెలిస్తే పిల్లని పంపరని దాచా. ఈ చెయ్యి కూడా అందుకే దాచా. మళ్లీ ఎప్పటికన్నా పొయ్యి వెలిగిస్తానో లేదో నాకే తెలీదు. కానీ నా కూతురికి వండి పెట్టగలను. దీంట్లో."

దీప్తి ఏడుపు ఆపుకుంటోంది. అమ్మ మాత్రం మైక్రోవేవ్ తలుపు తీసి, గుడ్డతో పాన్‌ని బయటికి తెచ్చి తువ్వాలు మీద పెట్టింది. నేను మూత తియ్యబోతే నా చేతి మీద ఒక్కటి వేసింది.

"తియ్యకు. వేడి దాంట్లోనే ఉంది. అదే చూసుకుంటది."

ఆ ఉక్కలో, ఆ నిశ్శబ్దంలో మూత కింద సన్నగా సుయ్‌మంటోంది. సౌభాగ్యమ్మగారు కూడా చెవి వొగ్గి వింటున్నట్టే అనిపించింది నాకు. కాసేపటికి అమ్మ మూతెత్తింది. కాకర చక్రాలు అంచుల్లో ఎర్రగా, మధ్యలో పసుపుగా, కరకరలాడుతూ ఉన్నాయి. నలగ్గొట్టిన వెల్లుల్లి కారం చల్లి కలిపి, గిన్నెలోకి తీసి, మిగిలిన వేడిలోనే ఆవాలు వేసింది. అవి ఎక్కువ చిటపటలాడలేదు, బద్ధకంగా నాలుగంటే నాలుగు ఎగిరాయి. అయినా పప్పుకి చాలాయి.

అమ్మ వడ్డిస్తుంటే, విసనకర్రలతో విసురుకుంటూ అందరం భోజనానికి కూర్చున్నాం. సౌభాగ్యమ్మగారు నెయ్యి వేసుకుని, కాకరకాయ కలుపుకుని, తలొంచుకుని తిన్నారు. రెండోసారి కాకరకాయ అడిగి వేయించుకున్నారు.

"చేదు ఎలా తీసారు వదినా? పసుపు ఉప్పులో వేసి పిండారా?"

"పిండలేదండీ. పిండితే సారం పోద్ది. మజ్జిగలో కాసేపు వేసి, గుడ్డ మీద ఆరబెట్టా."

"ఊఁ" అన్నారావిడ. ఇంకో ముద్ద తిని, "అంతా బానే ఉంది. కానీ ఒకటే అడుగుతా. పిల్ల పచ్చి బాలింత. వంట మధ్యలో కరెంటు పోతే?"

"ఇప్పుడు పోయిందిగా వదినగారూ" అంది అమ్మ. "తిన్నారుగా."

సౌభాగ్యమ్మగారు అమ్మ మొహం కేసి చూశారు. తర్వాత ఆ చెయ్యి కేసి చూశారు. ఆవిడ నవ్వు ముందు పొట్టలో మొదలై భుజాలకెక్కింది. నవ్వుతూనే కళ్లొత్తుకున్నారు.

"ఏమయ్యా కిషోరూ, కూర్చున్నావేం? నా కోడలి బట్టల పెట్టె కార్లోనే ఉంది, దింపు. ఇంకా కరెంటు గట్టిగా పోయిందంటావా, ఫోన్ కొట్టు. నందిగామ నుంచి క్యారేజీ రాడానికి ఎంతసేపు?"

నేను ఎంగిలి చేత్తోనే లేచాను.

జ్యేష్ఠంలో మగపిల్లాడు పుట్టాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచి దీప్తి పథ్యమంతా ఆ పాన్‌లోనే. ధనియాల కారం, కరివేపాకు కారం, లేత బీరకాయ ముక్కలు, కాల్చిన వెల్లుల్లి. "అన్నయ్యా, రోజూ వెల్లుల్లేనా, నా దగ్గరికి దోమ కూడా రావట్లేదు" అని దీప్తి వేళాకోళం. తినడం మాత్రం పళ్లెం నాకినట్టే తినేది. పాన్ అడుగున పూత కాస్త అరిగిందనిపించి కొట్లోంచి రెండోది తెచ్చాను. మూడోది సౌభాగ్యమ్మగారు నందిగామ పట్టుకెళ్లారు. అమ్ముడుపోని సరుకు అలా తీరిపోయింది.

పదకొండో రోజు పురిటి స్నానం. సౌభాగ్యమ్మగారు నందిగామ నుంచి పొద్దున్నే దిగారు. పిల్లాడికి నలుగు పెట్టి, నీళ్లు పోసి, పొత్తిళ్లలో చుట్టారు. తర్వాత సాంబ్రాణి పొగ వెయ్యాలి. అది లేకుండా మా వైపు ఏ పిల్లాడికీ తల ఆరదు. పనిమనిషి పున్నమ్మ తన ఇంటి నుంచి మట్టి మూకుడులో కణకణలాడే నిప్పులు పట్టుకొచ్చి పెరటి గుమ్మంలో నిలబడింది. మాకెవరికీ అది ముందు తట్టనే లేదు. నాన్న నా వైపు చూశాడు. నేను అమ్మ కోసం వెతికాను. అమ్మ వంటింట్లో ఉంది, పొట్టి చేతుల జాకెట్టులో, పాన్‌లో వెల్లుల్లి వేస్తూ.

పున్నమ్మ గడప మీద కాలు పెట్టబోయింది.

"ఆగవే" అన్నారు సౌభాగ్యమ్మగారు. "ఆ నిప్పులు అక్కడే పెట్టు. ఈ ఇంట్లోకి నిప్పు రాకూడదు."

పిల్లాణ్ణి గుండెలకి హత్తుకుని, ఆవిడే ఎండలోకి నడిచారు. పెరట్లో నీడ పట్టున పీట వేయించుకుని కూర్చుని, సాంబ్రాణి చల్లి, పొగ మీద మనవణ్ణి పట్టారు. ఏ నోటితో పొయ్యి వెలగని ఇల్లన్నారో ఆ నోటితోనే ఆ మాట అన్నారు. ఆ క్షణాన ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది నాకు.

అమ్మ వీధి అరుగు మీదకి వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. పిల్లాడి తువ్వాలు భుజాన వేసుకుని పెరటి గుమ్మం దాకా వచ్చింది. గడప లోపలే, తలుపు రెక్క పట్టుకుని నిలబడి, ఆ నిప్పుల్ని చూసింది. పట్టుకున్న వేళ్లు వణుకుతూనే ఉన్నాయి.

"వదినగారూ, ఇంకాస్త దగ్గరగా పట్టండి" అంది. "వాడి తల ఇంకా తడిగానే ఉంది."